పాయింట్ల పంచాయితీ

ఆగస్టు వచ్చేసరికి నాకొచ్చే ఉత్తరాల్లో పన్నుల గొడవలు తగ్గి డ్రాఫ్టు గొడవలు పెరుగుతాయి. అందుకే ఈ నెల శీర్షికంతా ఫాంటసీ ఫుట్‌బాల్‌కే వదిలేశాను. నేనుండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. ఉద్యోగం ఆడిటింగు. మా బంధువులు, స్నేహితులు కలిసి ఆడే 12 జట్ల లీగుకి కమిషనర్ని, అంటే నడిపించేదాన్ని, కూడా నేనే. "లెక్కలు చూసేదానివి నువ్వే కదా" అని నా నెత్తిన పెట్టారు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లున్నాయి. మనం పదిమందో పన్నెండుమందో కూర్చుని ఆ జట్లలోని ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని సొంత జట్లు కట్టుకుంటాం. అదే డ్రాఫ్టు. ఒకసారి ఒకరికి దక్కిన ఆటగాడు ఇంకొకరికి దొరకడు. మైదానంలో వాళ్లు సాధించిన యార్డులు, పట్టిన బంతులు, చేసిన టచ్‌డౌన్లు (బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించడం) మన ఖాతాలో పాయింట్లవుతాయి. వారానికొక ప్రత్యర్థి. దేనికెన్ని పాయింట్లు, జట్టులో ఎవరెంతమంది అన్నది ప్రతి లీగూ తనే రాసుకోవచ్చు. గొడవలన్నీ అక్కడే.

ప్రశ్న: అక్కా, మేం పదిమందిమి కొత్తగా లీగు పెడుతున్నాం. సగంమంది పీపీఆర్ కావాలంటున్నారు. మిగతావాళ్లు "బంతి పట్టుకున్నందుకే పాయింటేమిటి, ముందుకెళ్తే కదా ఇవ్వాలి" అంటున్నారు. ఏది న్యాయం?
— కొత్త కమిషనర్, ఫ్రిస్కో

తమ్ముడూ, ముందు గొడవ లేని భాగం తేల్చేద్దాం. పరుగైనా క్యాచ్ అయినా 10 యార్డులకు 1 పాయింటు, టచ్‌డౌన్‌కి 6. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, అతను విసిరిన ప్రతి 25 యార్డులకు 1, విసిరిన టచ్‌డౌన్‌కి 4. టచ్‌డౌన్ తర్వాత కిక్కు బదులు ప్రయత్నించే రెండు పాయింట్ల కన్వర్షన్‌కి 2. బంతి జారవిడిచి (ఫంబుల్) అవతలి జట్టుకి అప్పగిస్తే మైనస్ 2. పెద్ద యాప్‌లలో మొదట కనిపించేవి దాదాపు ఇవే. పీపీఆర్ అంటే వీటిపైన, బంతి పట్టిన ప్రతిసారీ ఇంకో పాయింటు. హాఫ్ పీపీఆర్‌లో అర, స్టాండర్డ్‌లో సున్నా.

ఆ అర పాయింటు ఎంత పని చేస్తుందో 2020 సీజన్లో చూడండి. టెనెసీ రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) డెరిక్ హెన్రీ ఆ ఏడాది 2,027 యార్డులు పరిగెత్తాడు. పట్టిన బంతులు 19, వాటిమీద 114 యార్డులు, టచ్‌డౌన్లు 17. న్యూ ఆర్లీన్స్ వాడు ఆల్విన్ కమారా పరిగెత్తింది 932 యార్డులే. కానీ 83 బంతులు పట్టి ఇంకో 756 యార్డులు తెచ్చాడు, టచ్‌డౌన్లు 21. ఫంబుల్ కోతలు పక్కనపెట్టి లెక్కేద్దాం. స్టాండర్డ్‌లో హెన్రీకి 316.1, కమారాకి 294.8. హాఫ్ పీపీఆర్‌కి వచ్చేసరికి హెన్రీ 325.6, కమారా 336.3. పూర్తి పీపీఆర్‌లో 335.1కి 377.8. ఆటగాళ్లు వాళ్లే, ఆడిన ఆటా అదే. మీరు రాసుకున్న ఒక్క లైనుతో ఎవరు పైవాడో మారిపోయింది. (ఆ డిసెంబరులో క్రిస్మస్ రోజున కమారా మిన్నెసోటా మీద ఒక్కడే ఆరు టచ్‌డౌన్లు చేశాడు. చాలా లీగుల్లో అది ఫైనల్ వారం. ఆ వారం కమారా ఎదురుపడ్డవాళ్ల ముందు క్రిస్మస్ మాటెత్తకండి.)

"పట్టుకున్నందుకు పాయింటేమిటి" అనేవాళ్ల వైపు చరిత్ర ఉంది. ఈ ఆట పుట్టింది 1962లో. ఓక్లాండ్ రైడర్స్‌లో వాటాదారు బిల్ వింకెన్‌బాక్ జట్టుతో న్యూయార్క్ వెళ్లినప్పుడు హోటల్లో ఇద్దరు మిత్రులతో కూర్చుని మొదటి రూల్స్ రాశాడు. మరుసటి ఏడాది ఓక్లాండ్‌లో ఎనిమిది జట్లతో డ్రాఫ్టు జరిగింది. అప్పట్లో విలువంతా స్కోరుబోర్డు మీద పడేవాటికే, అంటే టచ్‌డౌన్లకీ కిక్కులకీ. ఆ డ్రాఫ్టులో మొట్టమొదట ఎంపికైంది జార్జ్ బ్లాండా. అదే ఏడాది 1,863 యార్డులు పరిగెత్తిన జిమ్ బ్రౌన్‌ని వదిలేసి మరీ తీసుకున్నారు. ఇవాళ చూస్తే పిచ్చి ఎంపిక అనిపిస్తుంది. కానీ బ్లాండా క్వార్టర్‌బ్యాకూ అతనే, కిక్కరూ అతనే. ఆ రూల్స్ ప్రకారం రెండు చేతులా సంపాదించేవాడు.

పీపీఆర్ మీద నాకున్న అభ్యంతరం వేరే. ఆట మొదలయ్యే లైను వెనక బంతి పట్టి, ఒక యార్డు వెనక్కే పడిపోయినవాడికి పూర్తి పీపీఆర్‌లో 0.9 వస్తుంది. నలుగురిని గుద్దుకుంటూ తొమ్మిది యార్డులు పరిగెత్తినవాడికీ అదే 0.9. ఇది నాకు మింగుడుపడదు. పోనీ స్టాండర్డ్ పెడదామా అంటే, అప్పుడు రన్నింగ్ బ్యాక్‌లే బంగారం. డ్రాఫ్టులో మొదటి మూడు నాలుగు వంతులు చీటీలో ఎవరికి పడితే వాళ్లకి సీజన్ సగం గెలిచినట్టే. అందుకే హాఫ్ పీపీఆర్ పెట్టుకోండి. మా లీగులో అదే. ఇక్కడి జట్టు డల్లాస్ కౌబాయ్స్ అభిమానులు ప్రతి ఏడూ పూర్తి పీపీఆర్ కోసం గోల చేస్తారు. 2023లో వాళ్ల రిసీవర్ సీడీ లాంబ్ 135 బంతులు పట్టాడు, వాళ్ల బాధేమిటో అర్థం చేసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఈఎస్‌పీఎన్‌లో లీగు తెరిస్తే దానంతటది పూర్తి పీపీఆర్ వస్తుంది, యాహూలో హాఫ్ వస్తుంది. మీరు ఒకచోట ఆడుతూ ఇంకోచోటి ర్యాంకింగ్ లిస్టు ప్రింటు తీసుకుని డ్రాఫ్టుకి కూర్చుంటే వేరే ఆటకి చదువుకుని వచ్చినట్టే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా లీగులో 14 మందిమి. ప్రతి జట్టూ ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను ఆడించాలని మా బావ పట్టుబడుతున్నాడు. బెంచీ మీద ఎంతమంది ఉండాలో కూడా తేలడం లేదు. కిక్కర్ దండగ, తీసేద్దామని ఇంకొకరు.
— 14లో ఒకడిని, ఎడిసన్

మీ బావగారికి ఒక కాగితం, పెన్ను ఇవ్వండి. ఎన్ఎఫ్ఎల్‌లో ఏ వారమైనా ఆట మొదలుపెట్టే క్వార్టర్‌బ్యాక్‌లు 32 మంది. మీకు కావాల్సింది 14 రెళ్లు 28. బాగానే ఉంది కదా అంటారు. కానీ సీజన్ మధ్యలో, సాధారణంగా 5వ వారం నుంచి 14వ వారం దాకా, ఒక్కో జట్టుకి ఒక్కో వారం సెలవు. కొన్ని వారాల్లో ఆరేసి జట్లు ఒకేసారి సెలవులో ఉంటాయి. అప్పుడు ఆడేవాళ్లు 26 మంది, మీకు కావాల్సింది 28. పైగా ఎవరో ఒకరు ముగ్గురిని దాచుకుంటారు. గాయాల సంగతి నేను ఇంకా ఎత్తనేలేదు.

పదిమంది లీగులో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు సరదాగా ఉంటుంది. పద్నాలుగు మందికి సూపర్‌ఫ్లెక్స్ పెట్టుకోండి. ఆ స్థానంలో క్వార్టర్‌బ్యాక్‌ని పెట్టొచ్చు, లేకపోతే రన్నింగ్ బ్యాక్, బంతి పట్టే వైడ్ రిసీవర్, టైట్ ఎండ్ ఎవరినైనా పెట్టొచ్చు. దొరికినవాడు క్వార్టర్‌బ్యాక్‌ని ఆడిస్తాడు, దొరకనివాడు ఖాళీతో ఏడవడు. బావగారి మాటా నెగ్గినట్టుంటుంది.

మామూలు జట్టు ఇలా ఉంటుంది: ఒక క్వార్టర్‌బ్యాక్, ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు, ఇద్దరు వైడ్ రిసీవర్లు, ఒక టైట్ ఎండ్, ఒక ఫ్లెక్స్, ఒక కిక్కర్, ఒక డిఫెన్స్ (ఒక జట్టు రక్షణ దళమంతా కలిపి). ఫ్లెక్స్‌లో క్వార్టర్‌బ్యాక్ తప్ప పరిగెత్తేవాడో పట్టేవాడో ఎవరైనా సరే. మొత్తం తొమ్మిది. యాప్‌లు బెంచీకి ఆరో ఏడో ఇస్తాయి. ఏడు పెడితే 14 జట్లకి 224 మంది ఆటగాళ్లు కట్టుబడిపోతారు. అప్పుడు వేవర్స్‌లో, అంటే ఎవరికీ చెందని ఆటగాళ్ల లిస్టులో, మిగిలేది పనికిరాని సరుకే. గాయమైన వారం అందులోంచి ఒకడిని తెచ్చుకుని గెలవడంలోనే ఈ ఆట రుచి ఉంది. మీరు బెంచీ అయిదుకి దించండి. సూపర్‌ఫ్లెక్స్ కలుపుకుని జట్టుకి 15 మంది, లీగుకి 210. దానికి తోడు ఐఆర్ స్థానం ఒకటి ఇవ్వండి, గాయంతో చాలా వారాలు కూర్చునేవాడిని అక్కడ పెట్టుకుంటే బెంచీ ఖర్చవదు. కోలుకున్నవాడిని అక్కడే ఉంచి కొత్తవాడిని తెచ్చుకోకూడదని కూడా రాయండి. మా దగ్గర ఆ కిటుకు ఒకరు కనిపెట్టారు, పేరు చెప్పను, వంట ఆయనకీ నేనే చేస్తాను.

కిక్కర్ని ఉంచండి. 39 యార్డుల లోపు గోల్‌కి 3, 40 నుంచి 49కి 4, 50 దాటితే 5, టచ్‌డౌన్ తర్వాతి కిక్కుకి 1. అందులో అదృష్టమే ఎక్కువన్న మాట నిజమే. అయితే పదిహేడు పోడ్‌కాస్టులు విన్నవాడూ, డ్రాఫ్టు రోజే జట్ల పేర్లు తెలుసుకున్న పిన్నిగారూ సమానంగా నిలబడే స్థానం అదొక్కటే. దాన్ని తీసేయడం నాకిష్టం లేదు.

ప్రశ్న: అమ్మా, నా మనవడు నన్ను వాళ్ల లీగులో చేర్చాడు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన టచ్‌డౌన్‌కి 4, పరిగెత్తి చేసినదానికి 6 ఎందుకు? రెండూ ఒకే గీత దాటడమే కదా.
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, ప్లేనో

మాస్టారూ, నమస్కారం. మీకు అంకెల్లోనే చెప్తాను. 2013లో డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 55 టచ్‌డౌన్లు విసిరాడు. ఒక్కోదానికి 4 అయితే 220, అదే 6 అయితే 330. పరిగెత్తేవాళ్లలో పాతిక టచ్‌డౌన్లు చేసినవాడు అరుదు. విసిరేవాడికి కూడా ఆరే ఇస్తే మిగతా జట్టు ఎవరున్నా ఒకటే అవుతుంది. యార్డులదీ అదే కారణం, విసిరినవి 25కి ఒకటి, పరిగెత్తినవి 10కి ఒకటి.

దీనివల్ల కాళ్లున్న క్వార్టర్‌బ్యాక్‌కి విలువ పెరుగుతుంది. 2019లో బాల్టిమోర్ లమార్ జాక్సన్ 3,127 యార్డులు విసిరాడు, 1,206 యార్డులు పరిగెత్తాడు. చేతికి వచ్చినవి 125.08, కాళ్లకి వచ్చినవి 120.6. సగం కూడా లేని దూరానికి దాదాపు సమానమైన జీతం.

ఇంకో అంకె కూడా మీ మనవడి లీగులో చూడండి. విసిరిన బంతి అవతలివాడు పట్టేస్తే, అదే ఇంటర్‌సెప్షన్ అయితే, కోత ఎంత? కొన్ని యాప్‌లలో మైనస్ 1, కొన్నింటిలో మైనస్ 2. చిన్న తేడాలా కనిపిస్తుంది. అదే 2019లో టాంపా బే క్వార్టర్‌బ్యాక్ జేమిస్ విన్‌స్టన్ 5,109 యార్డులు, 33 టచ్‌డౌన్లు విసిరి, 30 ఇంటర్‌సెప్షన్లు కూడా సమర్పించుకున్నాడు. ఆ ఒక్క తేడాతో అతని ఖాతాలో 30 పాయింట్లు అటో ఇటో. ఉదారంగా ఉండే లీగులో అతను దేవుడు, పిసినారి లీగులో తలనొప్పి. నేను పిసినారి వైపే.

చివరిగా, భిన్నాలు ఒప్పుకునే లీగు కావాలని మనవడికి చెప్పండి. పూర్తి పాయింట్లే లెక్కపెడితే 24 యార్డులు విసిరినవాడికి సున్నా, 25 విసిరినవాడికి ఒకటి. యార్డుకి 0.04 చొప్పున ఇస్తే ఈ అన్యాయం ఉండదు, టైలు కూడా దాదాపు రావు. మీకు పరీక్షల్లో అర మార్కులు వేసిన అలవాటు ఉండే ఉంటుంది.

ప్రశ్న: గారూ, 2023 జనవరిలో మా ఫైనల్ వారం బఫెలో, సిన్సినాటి మ్యాచ్ మధ్యలో ఆగిపోయింది. నాకు బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్, అవతలివాడికి అప్పటికే ఆటలన్నీ అయిపోయాయి. అతనే గెలిచాడన్నారు. ఇప్పటికీ ఆ మాట వస్తే మేమిద్దరం మాట్లాడుకోం. ఇలాంటిదానికి రూలేమిటి?
— సగం చాంపియన్, షార్లెట్

ఆ సోమవారం రాత్రి, జనవరి 2, మొదటి క్వార్టర్లోనే బఫెలో ఆటగాడు డమార్ హామ్లిన్ ఒకరిని ఆపబోయి ఛాతీకి దెబ్బ తగిలి కుప్పకూలాడు. గుండె ఆగిపోయింది, మైదానంలోనే సీపీఆర్ చేసి బతికించారు. మా ఇంట్లో టీవీ చూస్తున్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ రాత్రి పాయింట్ల మాట ఎత్తలేదు. అబ్బాయి కోలుకుని మరుసటి సీజన్లో మళ్లీ ఆడాడు కాబట్టి మనం ఇప్పుడు మీ తగువు గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

మూడు రోజుల తర్వాత ఎన్ఎఫ్ఎల్ ఆ మ్యాచ్‌ని పూర్తిగా రద్దు చేసింది. అలెన్, స్టెఫన్ డిగ్స్, సిన్సినాటి వైపు జో బరో, జమార్ చేస్, అందరూ డ్రాఫ్టులో ముందుగానే పోయేవాళ్లే. పైగా ఎక్కువ లీగులకి అదే ఫైనల్ వారం. ఎందుకంటే 2021 నుంచి సీజన్ 18 వారాలు, 17 మ్యాచ్‌లు. చివరి వారంలో ప్లేఆఫ్ ఖాయమైన జట్లు అసలు ఆటగాళ్లను కూర్చోబెడతాయి. అందుకే 17వ వారంలో ఫైనల్ ముగించడం అలవాటైంది.

అప్పుడు లీగులు నాలుగు దారులు పట్టాయి. ఆట ఆగేసరికి ఉన్న పాయింట్లే చాలన్నవి కొన్ని. ఆ ఆటగాళ్లకి వాళ్ల సీజన్ సగటు వేసినవి కొన్ని. 18వ వారం వాళ్లు చేసినది తెచ్చి కలిపినవి ఇంకొన్ని. మిగతావి ఇద్దరినీ చాంపియన్లన్నాయి. నా మట్టుకు రెండు లైన్లు రాస్తాను. మామూలు వారంలో మ్యాచ్ రద్దయితే ఉన్నవే లెక్క, బాధ పడి ముందుకెళ్లాలి. ఫైనల్లో రద్దయితే, ఆ మ్యాచ్ ఆటగాళ్లు ఏ ఒక్క జట్టులో ఉన్నా, ఉమ్మడి విజేతలు. సగటు వేయడం నాకు నచ్చదు, జరగని ఆటకి పాయింట్లు పుట్టించడం ఆడిటర్‌గా నావల్ల కాదు. 18వ వారం తెచ్చిపెట్టడం ఇంకా ఘోరం, దానికి సిద్ధపడి ఎవరూ జట్టు కట్టుకోరు.

మీ పాత ఫైనల్‌కి మాత్రం ఇప్పుడు నేను తీర్పివ్వను. మీ లీగులో అప్పుడు రూల్ రాసిలేదు. యాప్ చూపించినదే ఫలితం. ఆయనకి ఫోన్ చేయండి.

ప్రశ్న: అక్కయ్యా, మా లీగుకి నేను కమిషనర్ని. వరసగా ఓడి ఆశ వదులుకున్న మా మరిది తన దగ్గరున్న మంచి రిసీవర్ని, మావారి బెంచీ మీదివాడు ఒకడిని తీసుకుని, మావారికి ఇచ్చేశాడు. లీగంతా నా మీద పడింది. ఇంట్లో ఒకటే టెన్షన్.
— ఇద్దరి మధ్య, నేపర్‌విల్

అమ్మాయీ, ముందు ఆ తీర్పు నువ్వు చెప్పకు. భర్త లెక్కలు భార్య ఆడిట్ చేయకూడదు, మా వృత్తిలో అది మొదటి పాఠం. వెంటనే లీగులోంచి ఇంకొకరిని డిప్యూటీ కమిషనర్‌గా పెట్టి ఈ ఒక్క కేసు అప్పగించు.

ఆ డిప్యూటీ చేయాల్సింది ఒక్కటే. మీ మరిదిని విడిగా అడగాలి: "ఈ ట్రేడుతో (ఆటగాళ్ల మార్పిడితో) నీ జట్టుకి ఏం మేలు?" వచ్చే వారం తన రన్నింగ్ బ్యాక్‌లు ఇద్దరూ సెలవులో ఉన్నారు, మనిషి కావాలి అన్నాడనుకో, అది తెలివితక్కువ ట్రేడు అయినా చెల్లుతుంది. తెలివితక్కువగా ఆడే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. "నాకెలాగూ ఏమీ లేదు, అన్నయ్యైనా గెలవనీ" అన్నాడంటే రద్దు. ఓటింగు మాత్రం పెట్టకు. ఓటింగ్ పెడితే ఎవరూ న్యాయం చూడరు, మీవారి జట్టు బలపడితే తమకి నష్టమా కాదా అనే చూస్తారు.

వచ్చే ఏడాదికి రెండు పనులు. ట్రేడ్‌లకి 11వ వారం గడువు పెట్టు, ఓడిపోయినవాళ్లు దానకర్ణులయ్యేలోపు తలుపు మూసేయాలి. ఆఖరి స్థానానికి ఏదో ఒక శిక్ష పెట్టు. మా దగ్గర ఆఖరివాడు మరుసటి ఏడాది డ్రాఫ్టుకి అందరికీ వంట చేస్తాడు. ఆ భయంతో డిసెంబరులో కూడా ప్రతి ఒక్కడూ జట్టు సరిచూసుకుంటాడు.

ప్రశ్న: ఆంటీ, నేను గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. న్యూజెర్సీలో ఉన్న కజిన్స్ వాళ్ల లీగులోకి రమ్మంటున్నారు, ఎంట్రీ 50 డాలర్లు. ఇంతకాలం ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫాంటసీ ఆడాను.
— ఇంకా చేరలేదు

బాబూ, డబ్బు కట్టకు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. నిన్ను ఊరికే ఆడనిమ్మని మీ కజిన్స్‌ని అడుగు. గెలిస్తే వాళ్లు అక్కడికి వచ్చినప్పుడు నీకొక జెర్సీ పట్టుకొస్తారు.

ప్రీమియర్ లీగ్ అలవాటు కొంత మర్చిపోవాలి. అక్కడ బడ్జెట్లో పడితే హాలండ్ లాంటి స్టార్ ఆటగాడిని అందరూ పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒకడు ఒకరికే. కెప్టెన్‌కి రెట్టింపు పాయింట్లు లేవు. ఇక టైమింగు. ఆదివారం మొదటి మ్యాచ్‌లు న్యూజెర్సీలో మధ్యాహ్నం 1 గంటకి, అంటే నీకు రాత్రి 10:30. నవంబరులో ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 11:30. ఎవరు ఆడటం లేదో మ్యాచ్‌కి గంటన్నర ముందు ప్రకటిస్తారు, ఆ టైముకి ఫోన్ చేతిలో ఉండాలి. వేవర్స్ ఇక్కడ బుధవారం తెల్లవారుజామున తేలతాయి. మీ కజిన్స్ నిద్రలో ఉండగా నీకు మధ్యాహ్నం. నువ్వు నైట్ షిఫ్ట్ కాబట్టి నువ్వూ నిద్రలోనే ఉంటావేమో, అలారం పెట్టుకో.

ప్రశ్న: గురువారం ఆడేవాడిని ఫ్లెక్స్‌లో పెడితే మా ఆవిడ నవ్వింది. ఎందుకు?
— తెలియక, అట్లాంటా

ఆవిడకి ఆట వచ్చు కాబట్టి. గురువారం మ్యాచ్ మొదలైందంటే ఆ స్థానం తాళం పడుతుంది. గురువారం ఆడే రన్నింగ్ బ్యాక్‌ని రన్నింగ్ బ్యాక్ స్థానంలోనే పెట్టి ఫ్లెక్స్ ఖాళీగా ఉంచుకుంటే, ఆదివారం ఎవరికి మడమ బెణికినా అక్కడ ఏ రకంవాడినైనా దింపొచ్చు. ఫ్లెక్స్‌లో ఎప్పుడూ అందరికన్నా ఆలస్యంగా ఆడేవాడే ఉండాలి.

ప్రశ్న: మా బాబాయి ఫాంటసీ సెమీఫైనల్లో ఆరు పాయింట్ల లోపు తేడాతో ఓడాడు. ఆయన రన్నింగ్ బ్యాక్ ఖాళీ దారి ఉండి కూడా కావాలనే టచ్‌డౌన్ చేయకుండా ఆగిపోయాడు. పరిహారంగా పాయింట్లు ఇమ్మంటున్నాడు.
— ఏం చెప్పాలో, ఎడిసన్

ఇవ్వకండి. బాబాయిగారికి మా ఊరి కథ చెప్పండి. 2007 డిసెంబరు 16న ఇక్కడ ఇర్వింగ్‌లోని టెక్సస్ స్టేడియంలో ఫిలడెల్ఫియా రన్నింగ్ బ్యాక్ బ్రయాన్ వెస్ట్‌బ్రూక్‌కి ఎదురులేని దారి దొరికింది. గోల్ లైనుకి ఒక్క యార్డు ముందు తనే కూర్చుండిపోయాడు. టచ్‌డౌన్ చేస్తే బంతి మళ్లీ కౌబాయ్స్‌కి పోతుంది. ఆగితే, కౌబాయ్స్ దగ్గర గడియారం ఆపే టైమౌట్లు లేవు, గడియారం నడిపించేసి 10-6తో గెలిచారు. అతన్ని తమ జట్టులో పెట్టుకున్న ఫాంటసీ వాళ్లు ఆ ఆరు పాయింట్ల కోసం ఎంత ఏడ్చారో. ఆటగాడు తన జట్టు కోసం ఆడతాడు, మీ బాబాయి జట్టు కోసం కాదు. ఆయనకి దక్కేది కాఫీ ఒక్కటే.

ప్రశ్న: సోమవారం రాత్రి 0.6 తేడాతో నేను గెలిచాను. పందెం ప్రకారం ఓడినవాడు మంగళవారం అందరికీ బిర్యానీ పెట్టాడు. గురువారం చూస్తే యాప్‌లో నేను ఓడిపోయినట్టు ఉంది!
— తిన్నది అరగక, ఇర్వింగ్

అది స్టాట్ కరెక్షన్. మ్యాచ్ రికార్డులని మళ్లీ చూసి, వారం మధ్యలో దిద్దుతారు. విసిరిన బంతి ముందుకి కాక కొంచెం వెనక్కి వెళ్లిందని తేలితే అది క్యాచ్ కాదు, పరుగు కింద రాస్తారు. యార్డులు అంతే ఉంటాయి, మీ రిసీవర్ పీపీఆర్ పాయింటు మాత్రం పోతుంది. మీ విషయంలో అలాంటిదే ఏదో జరిగి ఉంటుంది, ప్లే వివరాలు యాప్‌లోనే ఉంటాయి, చూసుకోండి.

దిద్దుబాటు తర్వాతిదే ఫలితం. మీరు ఓడారు. ఈ వారాంతం బిర్యానీ మీది. ఇకమీదట పందెం భోజనం శుక్రవారం లోపు పెట్టకూడదని లీగు రూల్స్‌లో రాసుకోండి, మటనా చికెనా అన్నది కూడా డ్రాఫ్టు రోజునే తేల్చుకోండి.